బొమ్మరింటి చదువు

తడి ఇసుకలో పాదం దూర్చి, దానిపై ఇసుక పేర్చి, అరచేతులతో మెత్తగా తట్టి, పాదాన్ని మెల్లగా వెనుకకు తీసుకుంటే పిచ్చుకగూడు నిలుస్తుంది. మైపాడు తీరాన ఆడుకొనే పిల్లలకు ఈ విద్యను ఏ బడిలోనూ నేర్పరు. గూడు నిలిచిన మరుక్షణమే గవ్వలతో ప్రహరి లేస్తుంది. సరుగుడు పుల్లలతో పందిరి వెలుస్తుంది. ఒక ఆల్చిప్ప నీళ్లతొట్టి అవుతుంది. అల వచ్చి తుడిచిపెట్టేవరకు అది ఇల్లే. ఇల్లు కట్టడంలో కంటే ఇంటిని అమర్చుకోవడంలోనే పిల్లలకు ఎక్కువ ఆనందం ఉన్నదని ఆ ఆటను కాసేపు చూసినవారికి బోధపడుతుంది. ఈ అమరికలో ఒక చదువు ఉన్నది. ఆ చదువు నేడు క్రమంగా చేజారిపోతున్నది.

బొమ్మరిల్లు తెలుగువారికి కొత్త కాదు. పోతన తన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జెనగూళ్లను పేర్కొన్నాడు. చిన్న చిన్న పిడతలలో ఉత్తుత్తి వంట వండి, ఆకులలో వడ్డించుకొనే ఆటే గుజ్జెనగూళ్లు. ఆ ఆటకు పండుగ శోభ తోడైనప్పుడు అది బొమ్మల కొలువు అవుతుంది. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి, రాయలసీమలో దసరాకు కొలువు తీర్చడం వాడుక. ఈ రెండు ప్రాంతాలకు నడుమ, తమిళ దేశానికి పొరుగున ఉన్న నెల్లూరు సీమలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. బేసి సంఖ్యలో మెట్లు అమర్చి, వాటిపై తెల్లని వస్త్రం పరచి, పై మెట్ల మీద దేవతామూర్తులను నిలుపుతారు. కింది మెట్ల మీద లోకం కొలువు తీరుతుంది. అంగడి నడిపే దంపతులు, పెళ్లి ఊరేగింపు, పొలం దున్నే రైతు, వంటిల్లు, బావి, పశువులపాక అక్కడ చోటు చేసుకుంటాయి. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలన్నది ఆచారం. పై మెట్టు భక్తికి చెందినది; కింది మెట్టు అనుభవానికి చెందినది. పై మెట్టులోని మూర్తులు తరతరాలకు మారవు. కింది మెట్టు మాత్రం కాలంతో పాటు మారవలసినది.

పాత ఇళ్లలో కొలువు పెట్టె తెరిచి చూస్తే ఈ మాటలోని సత్యం తెలుస్తుంది. గుడ్డపేలికల నడుమ భద్రంగా దాచిన రోలు, రోకలి, తిరగలి, కవ్వం, కుంపటి, లాంతరు, ఉట్టి, కావడి ఒక్కొక్కటిగా వెలికి వస్తాయి. ఆ ఇంటిలో నిజమైన తిరగలి ఎప్పుడో మూలపడి, ఆపై కనుమరుగై ఉంటుంది. బొటనవేలంత తిరగలి మాత్రం నిలిచి ఉంటుంది. "ఇదేమిటి?" అని మనుమరాలు అడిగితే, కందులు విసరడం మొదలు విసుర్రాతి పాటల వరకు అమ్మమ్మ చెప్పుకొని వస్తుంది. అసలు పోయినా నకలు మిగిలింది. నకలు మిగిలినందువల్ల జ్ఞాపకం మిగిలింది. ప్రతి కొలువు పెట్టె ఒక కుటుంబం తనకు తెలియకుండానే నిర్మించుకొన్న వస్తు ప్రదర్శనశాల.

అయితే రేపటి పెట్టెలో ఏమి మిగులుతుంది? నేడు అంగడిలో దొరికే బొమ్మరిల్లు అన్ని హంగులతోనూ వస్తుంది. గదులు, సోఫాలు, స్నానపు తొట్టి, చలిమంట కాచుకొనే పొగగూడు అందులో అచ్చుపోసి సిద్ధంగా ఉంటాయి. ఉప్పుగాలి, ఉక్కపోత తప్ప మంచు ఎరుగని తీరంలో పెరిగే పాపకు పొగగూడుతో ఏమి పని? ఆ ఇంటిలో ఉట్టి ఉండదు, వసారా ఉండదు, గోడకు ఆరవేసిన వల ఉండదు. అది పరదేశపు ఇల్లు కావడం పెద్ద దోషం కాదు. ఇతరుల ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసుకోవడమూ మంచిదే. అందులో పిల్లలు చేయవలసినది ఏమీ మిగలకపోవడమే అసలు లోపం. పెట్టె విప్పడంతోనే ఆట ముగుస్తుంది. మిగిలేది సొంతం చేసుకొన్నామన్న తృప్తి ఒక్కటే. ఆ తృప్తి పొరుగింటిలో అంతకంటె పెద్ద బొమ్మరిల్లు కనిపించేంతవరకే నిలుస్తుంది.

ఈ తగవు ఈనాటిది కాదు. శూద్రకుని మృచ్ఛకటికంలో చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగు బాలుని బంగారు బండితో ఆడుకొని, దానిని వారు తీసుకొనిపోగా, తనకు చేసి ఇచ్చిన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. ఆ కన్నీరు చూడలేక వసంతసేన తన నగలు తీసి మట్టిబండిని నింపుతుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తునికి ప్రతికూల సాక్ష్యంగా నిలుస్తాయి. బంగారు బండిపై బాలునికి కలిగిన ఆశ సహజం. దానిని తీర్చాలన్న పెద్దల ఆరాటమూ సహజమే. అయినా నాటకానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు కవి దృష్టి బంగారు బండిపై గాక మట్టిబండిపై నిలిచింది. పేదింటి చేతులు చేసిన ఆ చిన్న వస్తువుకు ఆయన ఇచ్చిన గౌరవం గమనింపదగినది.

చేతితో చేయడంలోని గొప్పతనం పొదుపు ఒక్కటే కాదు. ఒక వస్తువును చిన్నదిగా చేయాలంటే ముందు దాని అసలు రూపాన్ని క్షుణ్ణంగా ఎరిగి ఉండాలి. తీరగ్రామపు విద్యార్థి ఒకరు కొలువు కోసం చేపల వేటకు వెళ్లే తెప్పను చేయబూనినారనుకొందాం. ప్రతిరోజూ చూసిన తెప్పే కదా అనిపిస్తుంది. పని మొదలుపెట్టిన వెంటనే ప్రశ్నలు ఎదురవుతాయి. దుంగలు ఎన్ని? నడిమి దుంగ పొడవా, పక్క దుంగలు పొడవా? ముందుకొన ఎందుకు పైకి లేచి ఉంటుంది? ఒక్క మేకు కూడా లేకుండా తాళ్లతో ఎందుకు కడతారు? సమాధానాల కోసం ఊరిలోని వృద్ధ మత్స్యకారుని వద్దకు పోక తప్పదు. దుంగల సందులలోనుంచి నీరు దిగిపోతుంది గనుక తెప్ప మునగదని, వేట ముగించి వచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెట్టేవారని ఆయన వివరిస్తాడు. ఇంజను అమర్చిన ఫైబరు పడవలు వచ్చి కర్ర తెప్పలను చాలావరకు పక్కకు నెట్టాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఆ మార్పు మరింత వేగం పుంజుకొన్నది. కాబట్టి ఆ ప్రశ్నలు అడగడానికి మిగిలిన కాలం స్వల్పం. జానెడు తెప్ప చేయడానికి పూనుకొన్న విద్యార్థి తన ఊరి చరిత్రలోని ఒక పుటను కాపాడినట్లే.

కొలత కూడా ఈ పనిలో గొప్ప గురువు. బొమ్మరిళ్లు అమర్చేవారు లోకమంతటా ఎక్కువగా పాటించే ప్రమాణం అడుగుకు అంగుళం, అంటే పన్నెండింట ఒక వంతు. ఆ లెక్కన ఆరడుగుల మంచం ఆరు అంగుళాలకు, అడుగెత్తు ఊరగాయ జాడీ ఒక్క అంగుళానికి దిగుతాయి. రెండంగుళాల అగ్గిపెట్టె రెండడుగుల ట్రంకుపెట్టెగా సరిగ్గా అమరుతుంది. పద్దెనిమిది అడుగుల చీర పద్దెనిమిది అంగుళాలు కావాలి. కొలత కుదిరినా దళసరి గుడ్డ బొమ్మపై అట్టముక్కలా నిలబడుతుంది. వెంకటగిరి నేతవంటి సన్నని నూలు ముక్క అయితే చక్కగా కుచ్చిళ్లు పోసుకొంటుంది. పొడవు, వెడల్పు తగ్గించినంత సులభంగా దారపు మందం తగ్గదు. నిష్పత్తిని గురించి గణిత పుస్తకంలో చదివిన సూత్రం ఇక్కడ వేళ్లకు అనుభవమవుతుంది.

ఇక సామగ్రికి నెల్లూరు తీరంలో కొరత లేదు. తుమ్మలపెంట నుంచి కృష్ణపట్నం వరకు నడిచిన కళ్లకు ఒక ఇంటికి కావలసినవన్నీ కనిపిస్తాయి. తాటాకును సన్నగా చీల్చి అల్లితే చాపలు, విసనకర్రలు, బుట్టలు అవుతాయి. కొబ్బరి ఈనెలు ఇంటి కప్పుకు వాసాలవుతాయి. చిరిగిన వల ముక్క వసారాలో వేలాడే వల అవుతుంది. అలలు ఒడ్డుకు తోసిన ఖాళీ చిప్పలు పళ్లెరాలవుతాయి. ప్రాణమున్న గవ్వను మాత్రం నీటికే వదలాలి. చిటికెడు కల్లుప్పు చాలు, ఉప్పుమడి పక్కన తెల్లని రాశి వెలుస్తుంది. పంతొమ్మిది వందల తొంభైల నుంచి తీరమంతటా విస్తరించిన రొయ్యల చెరువుకు కూడా కింది మెట్టుపై స్థానం ఉండాలి. పాత వాటిని తలచుకోవడమే కాక, నేటి జీవితాన్ని చూపడమూ కొలువు పనియే.

ఇంతటి శ్రద్ధ ఆటవస్తువుకు తగునా అని సందేహించేవారు ఇతర దేశాల అనుభవాన్ని గమనించవచ్చు. పదిహేడవ శతాబ్దంలో డచ్చి వర్తకులు నెల్లూరుకు దక్షిణాన, పులికాట్‌లో కోట కట్టుకొని ఈ తీరపు వస్త్రాలను ఎగుమతి చేశారు. ఆ శతాబ్దపు చివరి భాగంలోనే, వారి దేశంలోని ఆమ్‌స్టర్‌డాం నగరంలో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్నురాలు 1686 నుంచి 1710 వరకు ఒక బొమ్మరింటిని అమర్చింది. నాటి వంటిల్లు, పడకగది, బట్టల అర ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యంగా అది అక్కడి రైక్స్ మ్యూజియంలో నేటికీ నిలిచి ఉన్నది. కొత్త ఢిల్లీ రూపకర్తలలో ఒకరైన ఎడ్విన్ లుట్యెన్స్ 1921, 1924 సంవత్సరాల మధ్య ఇంగ్లండు రాణి మేరీ కోసం రూపొందించిన బొమ్మరింటిలో కుళాయిలలో నీరు వస్తుంది, దీపాలు వెలుగుతాయి. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే మహిళ 1940లలో నేరం జరిగిన గదులను బొమ్మరిళ్లుగా చేసి, వాటి ద్వారా పోలీసు అధికారులకు నిశితంగా చూడడం నేర్పింది. చిన్న వస్తువు చూపును పదును పెడుతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అన్నీ ఇంటిలోనే చేయాలన్న నియమం కూడా సరికాదు. చేతివృత్తులవారి నైపుణ్యం ఇంటి పనికి అందేది కాదు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రను చెక్కి, విడివిడి భాగాలను చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఏటికొప్పాక వారు అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తి, ఆ రాపిడి వేడికి కరిగిన రంగుతో పిడతలు, గిన్నెలు తీర్చిదిద్దుతారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఊరిలో సహజవర్ణాలను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. నెల్లూరు జిల్లాలోనే ఉదయగిరి చెక్క గరిటెలు పేరొందినవి. గుర్తింపు గౌరవాన్ని ఇస్తుంది; అన్నం పెట్టేది కొనుగోలే. అచ్చుపోసిన పెట్టెకు వెచ్చించే సొమ్ములో కొంత ఏటా ఒక్క చేతిబొమ్మకు కేటాయిస్తే, బొమ్మరింటితో పాటు ఒక కార్మికుని ఇల్లూ నిలబడుతుంది. అంగడికి పోయేముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే: ఇది ఇంటిలో చేయగలిగినదా? కాకుంటే ఎవరి చేతులు చేసినది?

దీనికి రెండు ఆక్షేపణలు వినవస్తాయి. ఇది ఆడపిల్లల ఆట అనేది మొదటిది. కొండపల్లిలో ఉలి పట్టిన పురుషులను, బొమ్మరింటికి నమూనా గీసిన లుట్యెన్స్‌ను చూసిన తరువాత ఈ మాటకు విలువ ఉండదు. వంటింటి పనిముట్ల పేర్లు అక్కకు ఎంత తెలియాలో తమ్మునికీ అంతే తెలియాలి. రెండవ ఆక్షేపణ బరువైనది. పొద్దుటి నుంచి రాత్రి వరకు పాఠాలు, పరీక్షలు, ర్యాంకుల చింతలో మునిగిన ఇంటర్మీడియట్ విద్యార్థికి బొమ్మలతో ఆడే తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. తల్లిదండ్రుల ఆశలు, అప్పులు దాని వెనుక ఉన్నాయి. అయినా కోరుతున్నది సంవత్సరానికి ఒక్క వస్తువు, పండుగ సెలవులలో రెండు పూటల సమయం. ఆ రెండు పూటలలో విద్యార్థి ఒక పెద్దవారిని ప్రశ్నిస్తాడు, కొలుస్తాడు, లెక్క వేస్తాడు, చేతితో చేస్తాడు, తప్పితే విప్పి మళ్లీ కడతాడు. పరీక్షకు ఇవేవీ పనికిరానివి కావు. పరీక్ష తరువాతి జీవితానికి మరింత అవసరమైనవి. చదువు కోసం ఊరు విడిచి వెళ్లవలసిన యువతరానికి, విడిచి వెళ్లే ఊరు ఎలా ఉన్నదో ఒకసారి శ్రద్ధగా చూసే అవకాశం ఇంకెప్పుడు వస్తుంది?

ఒడ్డున కట్టిన పిచ్చుకగూటిని అల తీసుకొనిపోతుంది. దానికి పిల్లలు దుఃఖించరు. మరునాడు మరొకటి కడతారు. ఊరి వస్తువులను, పనులను, పేర్లను కాలం కూడా అలాగే తీసుకొనిపోతుంది. వాటిని తిరిగి కట్టాలంటే, ఎలా ఉండేవో ఒకరికైనా తెలిసి ఉండాలి. రాబోయే సంక్రాంతికి కొలువు తీర్చే ప్రతి ఇంటిలో కింది మెట్టును సొంత ఊరికి కేటాయించి, ఇంటిలోని పిల్లలు, పెద్దలు తలా ఒక వస్తువును తమ చేతులతో చేసి అక్కడ ఉంచితే చాలు. పండుగ ముగిశాక ఆ వస్తువులను గుడ్డపేలికలలో చుట్టి, ఒక్కొక్కదానికి దాని పేరు రాసిన చీటీ కట్టి, పెట్టెలో దాచాలి. ఏనాడో ఒకనాడు ఒక మనుమరాలు ఆ పెట్టె తెరిచి "ఇదేమిటి?" అని అడుగుతుంది. ఆమెకు చెప్పవలసిన సమాధానం ఈనాటి విద్యార్థుల చేతులలో ఉన్నది.