ఊపిరికీ ఉంది 'పాత సామాన్ల' బేరం!

శంషాబాద్‌లో నెత్తిమీద విమానాల హోరు ఎంత మామూలో, వీధిలో 'పాత సామాన్లు కొంటాం' అన్న కేకా అంతే మామూలు. అలా పోగైన తుక్కు కరిగి కొత్త వస్తువవుతుంది. మన కణాల్లోనూ అచ్చం ఇదే బేరం నడుస్తుంటుంది. పేరు ఆటోఫేజీ. అంటే, తనను తాను తినడం! పాడైన ప్రోటీన్లను, పాత పొరలను కణం ఓ సంచిలో చుట్టి, ముక్కలు చేసి మళ్లీ వాడుకుంటుంది. ఈ గుట్టును ఈస్టు కణాల్లో విప్పిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ దక్కింది.

మరి ఊపిరికీ దీనికీ సంబంధమేంటి? పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో దాదాపు 48 కోట్ల గాలి గదులుంటాయి. లోపలి తడికి అవి ముడుచుకుపోకుండా కొన్ని కణాలు సబ్బులాంటి 'సర్ఫాక్టెంట్'ను తయారుచేసి, చిన్నచిన్న తిత్తుల్లో దాచి, బయటికి వదులుతాయి. వాడిన దాంట్లో చాలాభాగాన్ని వెనక్కి తీసుకుంటాయి కూడా. నెలలు నిండకుండా పుట్టిన పాపాయిలు ఆయాసపడేది ఇది చాలకే. అప్పుడు వైద్యులు గొట్టం ద్వారా ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్‌ను పంపుతారు.

ఆ కణాల్లో ఆటోఫేజీకి అవసరమైన ఓ జన్యువును జపాన్ పరిశోధకులు ఎలుకల్లో తొలగించి చూశారు. పిల్లలు పుట్టీపుట్టగానే ఊపిరాడక చనిపోయాయి. సర్ఫాక్టెంట్‌కు కావలసిన కొవ్వు మామూలుగానే తయారైంది. దాన్ని దాచే తిత్తులే పక్వానికి రాలేదు! ఆ తిత్తులకు కొవ్వునూ పొరలనూ చేరవేసేది ఆటోఫేజీయే కావచ్చని 2020లో వారు సూచించారు.

బిడ్డ కేర్‌మన్న తొలి ఏడుపు వెనకా పాత సామాన్ల బేరం ఉందన్నమాట!