పోగు కోసం తలుపులు మూయక్కర్లేదు

"దారానికి తేమ కావాలి, గాలి తగిలితే పోగు తెగుతుంది, అందుకే కార్ఖానా మూసి ఉంచాలి." షోలాపూర్ తూర్పు పేటల్లో, అశోక్ చౌక్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు దాకా, తువ్వాళ్లూ చాదర్లూ నేసే మన తెలుగువాళ్ల నోట ఈ మాట వేదవాక్కులా నడుస్తోంది. యజమానీ అదే అంటాడు, మేస్త్రీ అదే అంటాడు, చెమటకు తడిసిన బనీనుతో నాలుగు మగ్గాల మధ్య తిరిగే కార్మికుడూ అదే అంటాడు. ఈ మాటలో మొదటి ముక్క నిజం. రెండోది సగం నిజం. మూడోది పూర్తిగా తప్పు. ఆ తప్పుకు ఖరీదు మనిషి ఒంటితో కడుతున్నాం.

నిజమైన ముక్కను ముందు ఒప్పుకుందాం. నూలు తేమ పీల్చుకుంటే బలపడుతుంది. మన దేశంలో నూలు బలం పరీక్షించేటప్పుడు గాలిని 27 డిగ్రీల వేడి, 65 శాతం తేమ దగ్గర నిలిపి ఉంచుతారు. షోలాపూర్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20 శాతం దరిదాపులకు దిగిపోతుంది. ఆ వడగాలి నేరుగా పడుగు మీద కొడితే పోగులు పెళుసెక్కి తెగుతాయి. తెగిన పోగు అతకాలంటే మగ్గం ఆపాలి, ఆగిన మగ్గం కూలి ఇవ్వదు. అందుకే కిటికీకి గోనెపట్టా కట్టేది చాలాసార్లు కార్మికుడే. అతన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. తప్పు అతనికి అందిన సలహాలో ఉంది.

ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో చూస్తే సంగతి తేటపడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు గుంటమగ్గం తెలివిని వెంట తెచ్చుకున్నారు. మట్టిగోడలు, పెంకుల కప్పు, నేలలోకి దిగిన గుంట. ఆ గుంటలోని చెమ్మ పడుగును కాపాడేది. ఆ గదిలో వేడి పుట్టించేది నేతగాడి ఒళ్లు ఒక్కటే. అక్కడ తలుపు ఓరగా మూసి నేయడం తెలివైన పని, అందులో సందేహం లేదు.

మరమగ్గం వచ్చాక గది మారిపోయింది, సలహా మాత్రం మారలేదు. ఒక్కో మగ్గానికి ఒక హార్స్‌పవర్ మోటారు అనుకుందాం, అంటే దాదాపు 750 వాట్లు. ఎనిమిది మగ్గాల షెడ్డులో 6 కిలోవాట్లు. ఆ కరెంటు చివరికి ఎటు పోతుంది? బట్టలో చుట్టుకుని బయటికి పోదు. రాపిడిగా, చప్పుడుగా, మోటారు వేడిగా మారి దాదాపు అంతా ఆ గదిలోనే మిగులుతుంది. మూసిన గదిలో ఆరు ఒక-కిలోవాట్ హీటర్లు పొద్దంతా వెలిగించినట్టే లెక్క. దీనికి రేకుల కప్పు తోడు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు కప్పు మీద దాదాపు ఒక కిలోవాట్ ఎండ పడుతుంది.

ఇంత వేడి నిండిన గదిలో నేల మీద నీళ్లు చల్లి తేమ పెంచితే ఏమవుతుందో లెక్క వేయండి. 40 డిగ్రీల గాలిని 65 శాతం తేమకు తెస్తే దాని తడిగుడ్డ ఉష్ణోగ్రత 34 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. థర్మామీటరు బొడిపెకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే కనిపించే అంకె అది. చెమట ఆరి ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెప్పేది అదే. కదలని గాలిలో ఈ అంకె 31 డిగ్రీలు దాటితే మనిషి ఒంటి వేడి అదుపు తప్పి పెరగడం మొదలవుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ 1905లోనే చూపాడు. అంటే పోగును బతికించడానికి మనం కట్టిన గది మనిషి ఒళ్లు తట్టుకోగల హద్దును దాటేసింది.

ఇది కొత్త గొడవ కూడా కాదు. ఇంగ్లండులోని లాంకషైర్ నేత షెడ్లలో యజమానులు పోగు తెగకుండా ఆవిరి వదిలేవారు. కార్మికులు తిరగబడ్డారు. 1889లో బ్రిటిష్ పార్లమెంటు, ఎంత వేడికి ఎంత తేమ మించకూడదో పట్టిక కట్టి మరీ చట్టం చేయాల్సి వచ్చింది. చల్లని ఊళ్లలోనే అంత పోరాటం అవసరమైతే, 44 డిగ్రీలు చూసే షోలాపూర్‌లో మనం ఇన్నాళ్లు నోరు మూసుకుని ఉండటం నన్ను బాధిస్తోంది.

మరి పోగు సంగతేమిటి? ఇక్కడే షోలాపూర్ పొడి వాతావరణం మనకు మేలు చేస్తుంది. బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని తడిసిన వట్టివేళ్ల తడికల గుండానో, కూలర్లలో వాడే గడ్డి గుండానో లోపలికి లాగితే, అది 26 డిగ్రీల దాకా చల్లబడి, 70 శాతం దాటిన తేమతో గదిలోకి వస్తుంది. ఒకే పనితో చల్లదనమూ తేమా రెండూ దొరుకుతాయి. అయితే ఆ గాలికి వెళ్లే దారి ఉండాలి. నీడ వైపు గోడకు కింద తడిక, ఎదుటి గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. వేడిగాలి పైకి చేరుతుంది, దాన్ని పైనుంచే బయటికి నెట్టాలి. 6 కిలోవాట్ల వేడిని 5 డిగ్రీల తేడాతో బయటికి పంపడానికి సెకనుకు దాదాపు ఒక ఘనపు మీటరు గాలి కావాలి. కప్పు వేడిని కూడా కలుపుకుంటే పద్దెనిమిది అంగుళాల ఫ్యాన్లు రెండు పెట్టుకోవాలి. తడిక ముందు అడ్డుపలక పెడితే గాలి పడుగు మీద సూటిగా కొట్టదు. కప్పుకు తెల్ల సున్నం వేస్తే ఫ్యాన్ల మీద భారం తగ్గుతుంది.

ఈ గాలి మగ్గాల వేడి తాకి 31 డిగ్రీలకు చేరేసరికి తేమ 55 శాతం దగ్గరికి తగ్గుతుంది, నిజమే. పుస్తకాల్లో రాసిన అంకెకు అది కొంచెం తక్కువ. ఆ లోటుకు పడుగు దగ్గర సన్నటి తుంపర చాలు, గదంతా ఉడికించక్కర్లేదు. ఇంకొక మాట. పోగు తెగడంలో పడుగుకు గంజి పట్టించే సైజింగ్ పాత్ర చాలా పెద్దది. గంజి సరిగా పట్టని పడుగును ఎంత తేమా కాపాడలేదు. నాసిరకం నూలు, చౌక సైజింగ్ చేసిన తప్పును కిటికీ మీదికి నెట్టడం మానాలి.

"పైన ఫ్యాను తిరుగుతోంది కదా" అనేవాళ్లున్నారు. సీలింగ్ ఫ్యాను గదిలోని గాలినే కలియబెడుతుంది, ఒక్క డిగ్రీ వేడిని కూడా బయటికి పంపదు. పైగా తువ్వాళ్ల షెడ్డులో ఎగిరే నూగును మళ్లీ మళ్లీ ముక్కులోకి తెస్తుంది. పక్కగదిలో ఆడవాళ్లు బీడీలు చుట్టే ఇళ్లలో ఆ గాలికి పొగాకు ధూళి కూడా కలుస్తుంది.

ఖర్చు అంటారా? రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కలిసి అర కిలోవాట్‌కు అటూఇటూ తింటాయి. మగ్గాలు తినే దాంట్లో పన్నెండో వంతు. నీళ్ల అభ్యంతరం మాత్రం బరువైనదే. ఈ ఏర్పాటు మండుటెండలో గంటకు పదుల లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుంది. ఉజని జలాశయం నీళ్లు రోజూ కుళాయికి రాని ఊరు ఇది. నీళ్లు లేని రోజు తడిక ఆరిపోనివ్వండి, ఫ్యాన్లు ఆపకండి. పడుగు దగ్గరి తుంపరకు కొద్ది నీళ్లు సరిపోతాయి. వానాకాలంలో గాలికే తేమ ఉంటుంది కనుక తడిక పనే లేదు, ఉత్త గాలి చాలు.

2025 దాకా అమల్లో ఉన్న కర్మాగారాల చట్టం, 1948లో 13వ సెక్షన్ తాజా గాలి గురించీ, 15వ సెక్షన్ కృత్రిమ తేమ గురించీ చెప్పేవి. పదిమంది లోపు పనిచేసే ఇంటి షెడ్డుకు ఆ చట్టం చేయి సాధారణంగా అందేది కాదు. ఇంటి షెడ్డులోని మనిషికి చెమట వేరేగా పట్టదు కదా. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో ఒక తువ్వాళ్ల కార్ఖానా కాలి 8 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి మూసిన కిటికీలే కారణమని నేను అనడం లేదు. మనుషులుండే చోటా యంత్రాలుండే చోటా ఒకటే అయినప్పుడు, గాలికీ మనిషికీ బయటికి దారి ఉందా లేదా అని ప్రతి యజమానీ తన గోడలను చూసుకోవాలని అడుగుతున్నాను.

మగ్గం పక్కన రెండు థర్మామీటర్లు వేలాడదీయండి, ఒకదానికి తడిగుడ్డ చుట్టండి. తడి అంకె 30 దాటిన క్షణం నేల మీద నీళ్లు చల్లడం ఆపి, గోనెపట్టాలు విప్పండి. ఆ పని చేయడానికి సేటు అనుమతి కోసం కార్మికుడు ఎదురుచూడకూడదు.