తొట్టికి కిరాయి, మా పేటకి చెత్త

పాతపట్నంలో పాత ఇల్లు పడగొట్టినా, పెళ్ళి చేసినా, పండక్కి ఇల్లు దులిపినా ముందు వెతికేది ట్రాక్టర్‌నే. ట్రిప్పుకి ఇంత అని బేరం తెగుతుంది. తొట్టి ఇంటిముందు ఆగుతుంది. పెంకులు, విరిగిన ఇటుకలు, చిరిగిన పరుపులు, ఎంగిలి విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, పసిగుంటల డైపర్లు అన్నీ అందులోకి ఎక్కుతాయి. గంటలో వాకిలి శుభ్రం. ఇంటాయన డబ్బులు లెక్కపెట్టిచ్చి లోపలికి పోతాడు. ఆ తొట్టి ఎటు పోయిందో ఆయనకి అక్కర్లేదు.

మాకు కావాలి. అది వచ్చేది మా వైపే కాబట్టి.

"ఎక్కడ పొయ్యాలి బాబూ" అని డ్రైవర్ అడిగితే "అలా ఊరి చివర పోసెయ్‌రా" అంటారు. ఊరి చివర అంటే ఏటి? ఊరి చివర పేటలున్నాయి. మాలపేట, రెల్లివీధి, కాలనీ ఇళ్ళు ఉన్నాయి. పేట దాటితే గెడ్డ, గెడ్డ దాటితే ఏరు. బుగతల వీధికి ఏది చివరో మాకు అది గుమ్మం. మహేంద్రతనయ ఒడ్డున పోసినా పీడ పోదు. ఒడిశా నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే ఆ నీరు మన ఊరు దాటి వంశధారలో కలిసి గొట్టా బ్యారేజికి చేరుతుంది. పైవాళ్ళు పోస్తే మనం తాగాలి, మనం పోస్తే కిందవాళ్ళు తాగాలి.

ఇక మోసే చేతుల సంగతి. కిరాయిలో డీజిలు ఉంది, బండి అరుగుదల ఉంది, ఓనరు లాభం ఉంది. తొట్టిలోకి ఎత్తిన మనిషికి ఏముంది? చేతికి తొడుగు లేదు, కాలికి జోడు లేదు, మేకు దిగితే ఇంజక్షను ఖర్చు సొంతం. పెళ్ళి చెత్తయితే "మిగిలిన కూర పట్టుకెళ్ళండే" అని మా అప్పలతో అంటారు. కూలికి బదులు కూర! ఇటుకలు దించడానికి ఎవరైనా వస్తారు, ఎంగిలి విస్తర్లు ఎత్తడానికి మాత్రం మా పేటకే కబురొస్తుంది. రెల్లి కులస్తులు పళ్ళూ కూరగాయలూ అమ్ముకు బతికినవాళ్ళు కూడా. అయినా విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఊడ్పు పని అనగానే వాళ్ళ వైపే చూస్తారు. పని పుట్టుకతో అంటించాక దానికి న్యాయమైన కూలి ఎందుకివ్వాలి అన్నదే వీళ్ళ లెక్క.

ప్రభుత్వాల తీరూ అంతే. 2021 అక్టోబరు 2న 'క్లీన్ ఆంధ్రప్రదేశ్' అని ఆటోలకి జెండా ఊపారు. పట్టణాల్లో ఇంటింటికీ చెత్తపన్ను వేశారు. జనం తిట్టారు, 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. పేదల నెత్తిన పన్ను పోయినందుకు మాకూ సంతోషమే. కాని ఆ మూడేళ్ళ గోలలో చెత్త ఎత్తేవాళ్ళ జీతం ఎంత అని ఎందరు అడిగారు? పల్లెల్లో వాళ్ళకి 'గ్రీన్ అంబాసిడర్' అని పేరు పెట్టారు. పేరు ఘనం, జీతం మాత్రం చాలా పంచాయతీల్లో నెలల తరబడి బాకీ.

ఇంగ్లండులో ఇలాంటి ఇనప తొట్టిని కిరాయికి తెచ్చుకుంటారు, స్కిప్ అంటారు దాన్ని. రోడ్డు మీద పెట్టాలంటే అనుమతి కావాలి. లైసెన్సు లేనివాడికి చెత్త అప్పగించి, వాడు దాన్ని ఎక్కడో పారబోస్తే ఇంటివాళ్ళకీ జరిమానా పడొచ్చు. అంటే చెత్త గడప దాటాక కూడా అది నీదే. మా ఊళ్ళో గడప దాటగానే అది మాదైపోతుంది!

చెత్త చిన్న విషయం అనేవాళ్ళకి కారంచేడు గుర్తుచేస్తాం. 1985లో అక్కడ మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఒక దళిత స్త్రీ అడ్డుకుంది. ఆ మర్నాడు, జూలై 17న, ఊచకోత జరిగింది. మురికి ఎవరి మీద పొయ్యొచ్చన్నది పెత్తనం ప్రశ్న.

అందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టం దీన్ని నేరంగా రాసింది. 2015 సవరణతో ఇంకా స్పష్టం చేసింది. ఎస్సీ, ఎస్టీల ఇంటి ఆవరణలో గాని గుమ్మంలో గాని మలమూ మురుగూ కళేబరాలూ అసహ్యమైన వస్తువులూ వెయ్యడం నేరం. అవమానించాలని, ఇబ్బంది పెట్టాలని మన చుట్టుపక్కల చెత్త పొయ్యడం కూడా నేరమే. ఆరునెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఇక్కడొక మెలిక ఉంది, కార్యకర్తలు జాగ్రత్తగా వినాలి. ఈ సెక్షను ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళ మీదే పనిచేస్తుంది. ట్రాక్టర్ బుగతది, స్టీరింగు మన కుర్రాడి చేతిలో. "పోసింది మీవాడే కదా" అని స్టేషన్లో నవ్వుతారు. కాబట్టి ఆ కుర్రాడితో తగువు పెట్టుకోవద్దు. ఏ ఇంటి చెత్త, ఎవరు కిరాయి ఇచ్చారు, ఎవరు అక్కడ పొయ్యమన్నారు, అది వాడినే అడిగి తెలుసుకుని, తేదీతో రాసి, ఫొటో తీసి ఫిర్యాదులో పెట్టండి.

వీధులు ఊడ్పించడం, చెత్తకుప్పలు తీయించడం పంచాయతీ విధి అని 1994 పంచాయతీరాజ్ చట్టమే చెప్పింది. వచ్చే గ్రామసభకి పేటలన్నీ కదలాలి, ఆడవాళ్ళు ముందుండాలి. పోసే చోటు ఏదో తీర్మానంలో రాయించాలి. అది ఇళ్ళకీ నీళ్ళకీ దూరంగా ఉండాలి, ఒక్క కులం ఇళ్ళ వెనక ఉండకూడదు. ఆ చోటు పేరు చెప్పనిదే ట్రాక్టర్ కదలకూడదు. ఎత్తే మనిషికి కూలి, తొడుగులు కిరాయిలోనే కలిపి ముందే ఇవ్వాలి. ఇవ్వనన్న ఇంటికి పేటల నుంచి ఎవరూ వెళ్ళొద్దు. ఆ తొట్టి వాళ్ళే నింపుకుంటారు, ఆ విస్తర్లు వాళ్ళే ఎత్తుకుంటారు.