‘పెయిర్ అయింది’ అంటే ఏమైనట్టు?

‘ఫార్మాట్ కొట్టేయ్, అదే సెట్ అయిపోతుంది.’ మన హాస్టల్లో ఏ సిస్టమ్‌కి ఏ జబ్బు చేసినా మొదట వినిపించే మందు ఇదే. నేనూ ఈ మందే వేశాను, రేపల్లెలో మా బాబాయి వాళ్లింట్లో. దాంతో తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడు వేసవి సెలవులంతా ఆడి దాచుకున్న ఆట మొత్తం పోయింది. ఆ తప్పు గురించే ఈ నాలుగు మాటలు.

విషయం చిన్నదే. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో రెట్రోపై వేసి, వాళ్ల టీవీకి తగిలించి ఇచ్చాను. మన నాన్నల కాలంలో క్యాసెట్టు గుచ్చి ఆడిన వీడియో గేమ్ లాంటిదే. కాకపోతే క్యాసెట్టు బదులు మెమరీ కార్డు, వైరున్న రిమోట్ బదులు బ్లూటూత్ కంట్రోలర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డ్యూయల్‌షాక్ 4 అది. ఒకరోజు కలవడం మానేసింది. తెనాలిలో ఒక రిపేరు షాపులో చూపిస్తే ‘లోపల బోర్డు పోయింది’ అన్నారట.

ఆ శనివారం బాపట్లలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లెలో దిగాను. వెళ్లగానే కార్డు తీసి లాప్‌టాప్‌కి పెట్టి, మొత్తం తుడిచి, కొత్తగా ఎక్కించాను. అయినా కలవలేదు. గంటసేపు అదీ ఇదీ నొక్కుతూ ఉంటే, షేర్ బటన్, పీఎస్ బటన్ రెండూ కలిపి పట్టుకున్నప్పుడు లైటు టపటపా కొట్టుకుంది. ఈసారి కలిసింది. బోర్డు పోలేదన్నమాట. మరి ఎందుకు కలిసింది? నాకు తెలీదు. తమ్ముడు మాత్రం ఒక్కటే అడిగాడు: “అన్నయ్యా, నా పోకెమాన్ ఏది?” రెట్రోపైలో సేవ్ ఫైళ్లు గేముల పక్కనే, అదే కార్డులో ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. తుడిచేముందు గుర్తు రాలేదు, అంతే.

రెండు వారాల తర్వాత మళ్లీ అదే సమస్య. ఈసారి నేను హాస్టల్లో ఉన్నాను, వాడు ఫోన్లో ఉన్నాడు. నేను ‘డివైస్ రిమూవ్ చేసి రీ-పెయిర్ చెయ్, ట్రస్ట్ చేశావా, కనెక్షన్ స్టేటస్ చూడు’ అంటూ మొదలుపెట్టాను. వాడు ఆపాడు. “అన్నయ్యా, పెయిర్ అయిందనే చూపిస్తోంది. మరి ఎందుకు పని చేయట్లేదు?”

నా దగ్గర సమాధానం లేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఇప్పుడు సీఎస్‌ఈ. ‘పెయిర్’ అనే మాట కొన్ని వందలసార్లు వాడుంటాను. ఆ మాట వెనక ఏం జరుగుతుందో వాడికి తెలుగులో చెప్పాలంటే నోరు పెగల్లేదు. సమస్య నా తెలుగు అనుకున్నాను. కాదు, నాకే అర్థం కాలేదు. ఇంగ్లీషు మాట దాన్ని ఇన్నాళ్లూ కప్పి ఉంచింది.

కాసేపాగి, చదువుకుని, మళ్లీ ఫోన్ చేసి ఇలా చెప్పాను. పెయిర్ అంటే పరిచయం. ఆ పరిచయంలో ఇద్దరూ ఒకే రహస్య తాళంచెవి తయారు చేసుకుని, చెరొకటి దాచుకుంటారు. కనెక్ట్ అంటే ఆ చెవితో ఇప్పుడు తలుపు తీసి మాట్లాడుకోవడం. ట్రస్ట్ అంటే రేపు వాడే వచ్చి తలుపు కొడితే ఎవరినీ అడక్కుండా రానివ్వడం. లైనక్స్‌లో ఈ మూడూ వేర్వేరు కమాండ్లు. పరిచయం ఉన్నంత మాత్రాన మాట్లాడుకుంటున్నట్టు కాదు. ఇంకో సంగతి, ఈ కంట్రోలర్ ఒకసారికి ఒక్కరినే గుర్తు పెట్టుకుంటుంది.

అటువైపు ఓ నిమిషం నిశ్శబ్దం. తర్వాత వాడే అన్నాడు: “అంటే మొన్న నాన్న ఫోన్‌తో కలిపి ఆడాను కదా, అప్పుడు దీన్ని మర్చిపోయిందన్నమాట. టీవీ దగ్గరున్నది మాత్రం ఇంకా పాత తాళంచెవి పట్టుకుని కూర్చుంది.”

సరిగ్గా అదే. యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, రెట్రోపై బ్లూటూత్ మెనూలో పాత పరిచయం తీసేసి, రెండు బటన్లూ పట్టుకుని కొత్తగా కలుపుకున్నాడు. ఐదు నిమిషాల పని. దీనికోసమేనా నేను కార్డంతా తుడిచింది!

అప్పట్నుంచి నేను ఫార్మాట్ గురించి ఆలోచించేముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. అసలు కనిపించట్లేదా? కనిపించినా కలవట్లేదా? కలిసి మధ్యలో తెగిపోతోందా? మూడూ మూడు వేర్వేరు జబ్బులు. కనిపించకపోతే ఛార్జింగ్ చూడాలి, కంట్రోలర్ పెయిరింగ్ మోడ్‌లో ఉందో లేదో చూడాలి. కనిపించి కలవకపోతే పాత తాళంచెవులు తీసెయ్యాలి, రెండు వైపులా. తెగిపోతుంటే అనుమానం చుట్టుపక్కల మీదకి పోవాలి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, చాలా ఇళ్లలో వైఫై కూడా అక్కడే. పై 4లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకి హార్డ్ డిస్క్ తగిలిస్తే దాని రొద కూడా ఆ దగ్గర్లోనే పడుతుంది. మెటల్ కేసు సిగ్నల్‌ని తగ్గిస్తుంది. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ బదులు ఏదో పాత ఫోన్ ఛార్జర్ పెడితే స్క్రీన్ మూల మెరుపు గుర్తు వస్తుంది, పవర్ చాలట్లేదని. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు ఒకేసారి మార్చేస్తే పని చేసినా ఎందుకు చేసిందో తెలీదు. ఫార్మాట్‌తో వచ్చిన చిక్కు అదే, అన్నిటినీ ఒకేసారి మార్చేస్తుంది.

‘ఇంటర్వ్యూలు ఇంగ్లీషులో, డాక్యుమెంటేషన్ ఇంగ్లీషులో, ఇదంతా తెలుగులో ఎందుకురా’ అని మా రూమ్మేట్ అడిగాడు. నేనూ ఇంగ్లీషులోనే చదివాను, రేపూ అలాగే చదువుతాను. బ్లూటూత్‌ని నీలిదంతం చెయ్యమనీ అనట్లేదు. బ్లూటూత్ బ్లూటూత్‌గానే ఉండనీ, పెయిర్ పెయిర్‌గానే ఉండనీ. ఆ మాటల మధ్య జరిగే కథ మాత్రం మన మాటల్లో చెప్పగలగాలి. రిపేరంటే సగం ప్రశ్నలు అడగడమే. వస్తువు చేతిలో ఉన్న మనిషికి ప్రశ్న అర్థమైతేనే కదా సరైన జవాబు వచ్చేది. మా తమ్ముడికి తెలియంది బ్లూటూత్, నాకు తెలియంది వాళ్ల నాన్న ఫోన్ సంగతి. రెండూ కలిస్తేనే అసలు కారణం దొరికింది.

అందుకే మన పత్రికకి ఒక మనవి. కవితలు, కథల పక్కన నెలకో పేజీ దీనికీ ఇవ్వండి: ఏం పాడైంది, ఏం చూశాం, ఏం చేశాం, ఎందుకు బాగైంది. ఆ చివరిది రాయలేకపోతే ఆ రిపేరు ఇంకా పూర్తి కానట్టే. మొదటి పేజీ నేనే రాస్తాను.

పోయిన పోకెమాన్ తిరిగి రాలేదు. వాడు మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆదివారం ఆదివారం సేవ్ ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటున్నాడు. టీవీ వెనక గోడకి ఆ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి అంటించాడు. కింద నాలుగోది వాడే చేర్చాడు: “నాన్న ఫోన్‌లో బ్లూటూత్ ఆపావా?”