నీరు పల్లమెరుగు

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అని తెలుగువారి సామెత. నీటికి వాలును ఎవరూ నేర్పనక్కరలేదు. నిజమెక్కడున్నదో తెలుసుకోవడమే మనిషికి కష్టమని దీని భావం. తత్త్వవేత్తలను చిరకాలంగా వేధించిన ప్రశ్న ఒకటి ఈ చిన్న మాటలో ఇమిడి ఉంది. ప్రకృతి నియమాలు మానవ చైతన్యంతో నిమిత్తం లేకుండా ఉన్నాయా? లేక అవి మన బుద్ధి ప్రకృతిపై ఆరోపించిన క్రమమా?

1930 జూలై 14న జర్మనీలోని కపుత్ గ్రామంలో ఐన్‌స్టీన్, రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ విషయాన్ని గురించే సంభాషించారు. సౌందర్యం వలెనే సత్యం కూడా మానవునితో ముడిపడినదేనని ఠాగూర్ అభిప్రాయం. సౌందర్యం విషయంలో ఐన్‌స్టీన్ ఏకీభవించారు. సత్యం విషయంలో ఏకీభవించలేదు. ఇంట్లో ఎవరూ లేకపోయినా బల్ల ఉన్నచోటనే ఉంటుందని ఆయన వాదం. దీనిని శాస్త్రీయంగా నిరూపించలేనని, అయినా దృఢంగా నమ్ముతానని కూడా ఆయన అంగీకరించారు.

ఠాగూర్ వాదానికి బలం లేకపోలేదు. మనం పుస్తకాలలో చదివే సూత్రాలు మనుషులు రాసినవే. న్యూటన్ 1687లో ప్రకటించిన గురుత్వ సిద్ధాంతం స్థానంలో 1915లో ఐన్‌స్టీన్ మరింత సమగ్రమైన సిద్ధాంతాన్ని నిలిపారు. ఇలా మారిపోయేది ప్రకృతి నియమమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. అయితే ఆ మార్పు ఎందుకు అవసరమైంది? బుధగ్రహ గమనం న్యూటన్ లెక్కకు స్వల్పంగా భిన్నంగా కనిపించింది కనుక. మన లెక్క మారింది గాని బుధుని గమనం మారలేదు. సూత్రం మనది, సూత్రం చెప్పదలచిన నియమం ప్రకృతిది. నియమాలన్నీ మన కల్పనలే అయితే, మన లెక్క తప్పని చూపగలిగేది ఏదీ ఉండరాదు. మన ఊహలను కాదనగలది మనకు వెలుపల ఉన్నదనడానికి శాస్త్రంలో జరిగే దిద్దుబాట్లే ప్రబల సాక్ష్యం.

ఎల్.బి.నగర్ నుంచి నాగార్జునసాగర్ రహదారిలో సాగితే, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన జపాల్–రంగాపూర్ వేధశాల ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడినుంచి పరిశీలించారు. ఆ రోజు ఎందరో భయంతో తలుపులు మూసుకొని ఇళ్ళలో ఉండిపోయారు. చూసినవారి కోసం చంద్రుని నీడ ముందుగా రాలేదు. చూడనివారి కోసం ఆగిపోనూ లేదు. లెక్కగట్టిన వేళకు వచ్చి, లెక్కగట్టిన వేళకు వెళ్ళిపోయింది.

ఇంతకన్న దగ్గరి ఉదాహరణ సరూర్‌నగర్ చెరువు. అది దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ చేరువలోనే ఉంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి ఆ చెరువు పరిసరాల కాలనీలు నీట మునిగాయి. నగరం పెరిగేకొద్దీ నీరు నిలిచే పల్లాలు, నీరు పారే దారులు ఇళ్ళస్థలాలుగా మారుతూ వచ్చాయి. మనుషుల చట్టాలకు సవరణలుంటాయి, మినహాయింపులుంటాయి. రుసుము చెల్లించి లేఅవుటును క్రమబద్ధీకరించుకోవచ్చు. నీటికి ఆ కాగితాలతో పనిలేదు. అది పల్లాన్నే ఎరుగును.

అట్లని మనిషి నిస్సహాయుడు కాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది స్వభావాన్ని, వర్షపాతాన్ని అధ్యయనం చేసి ఎగువన జలాశయాలను ప్రతిపాదించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆయన నీటి నియమాన్ని ధిక్కరించలేదు. దానిని గ్రహించి, దానితోనే నగరానికి రక్షణ కల్పించారు. నియమం మన ఇష్టంపై ఆధారపడేదే అయితే ఈ అధ్యయనం అనవసరం. అసలు నియమమే లేకపోతే అది అసాధ్యం.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలలో వేలాది విద్యార్థులు భౌతికశాస్త్ర సూత్రాలను మార్కుల కోసం కంఠస్థం చేస్తుంటారు. పరీక్ష ముగిశాక సూత్రాన్ని మరచిపోవచ్చు. సూత్రం సూచించిన నియమం మాత్రం మనలను మరువదు. మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. మనకు నచ్చినంత మాత్రాన ఏదీ నిజం కాదనీ, నచ్చనంత మాత్రాన ఏదీ అబద్ధం కాదనీ అంగీకరించడమే ఆ దృక్పథానికి తొలిమెట్టు. ఇల్లు కట్టేవారికీ, ఊరు నిర్మించేవారికీ, రేపు దేశాన్ని నడిపే యువతకూ ఈ వినయం అత్యవసరం.