కోడ్ మారితే నౌకరీ పోతుందా?

పోయిన జుమా నమాజ్ అయ్యాక ఖాలూజాన్ నన్ను మస్జిద్ మెట్ల దగ్గర ఆపారు. "బేటా, పిల్ల బీఎస్సీ అయిపోయింది. మెడికల్ కోడింగ్ నేర్పిస్తామని ఒకచోట నలభై వేలు ఫీజు అడుగుతున్నారు. ఇంకొకాయనేమో కొత్త కోడ్లు వస్తున్నాయట, పాతవి నేర్చుకుంటే ఫాయిదా లేదంటున్నాడు. ఏం చేద్దాం?" అన్నారు. ఈ సవాల్ ఇప్పుడు మన చాలా ఖాందాన్లలో ఉంది. ఆయనకు చెప్పిన జవాబే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో ఒక మరీజ్ ఆస్పత్రికి వెళ్తే డాక్టర్ రాసిన బీమారీని, చేసిన ఆపరేషన్‌ని కోడ్లుగా మార్చాలి. అప్పుడే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది. ఆ పని హైదరాబాద్‌లో కూర్చుని చేస్తున్నవాళ్ళలో మన బేటీలు, బహూలు కూడా ఉన్నారు. కొందరు ఇంటి నుంచే చేస్తున్నారు. పర్దా పాటించే ఆడపిల్లకి ఇజ్జత్‌తో దొరికే రోజీ ఇది. అందుకే ఫికర్.

ఈ భయం కొత్తది కాదు. 1979 నుంచి అమెరికాలో ఐసీడీ-9 నడిచింది. ఐసీడీ-10కి మారే తారీఖు 2013 అన్నారు, తరువాత 2014 అన్నారు, చివరికి 2015 అక్టోబర్ 1న అమలు చేశారు. సుమారు 14 వేలున్న బీమారీ కోడ్లు దాదాపు 70 వేలయ్యాయి. ఆస్పత్రిలో చేరినవాళ్ళ ఆపరేషన్ల కోడ్లు నాలుగు వేల లోపు నుంచి 70 వేలు దాటాయి. అప్పుడూ అందరూ "ఖతమ్, నౌకరీలు పోయినట్టే" అన్నారు. కొన్ని నెలలు రెండు లెక్కలూ పక్కపక్కనే నడిచాయి. సెప్టెంబర్ 30 దాకా చూపించుకున్నవాళ్ళకి పాత కోడ్, మర్నాటి నుంచి కొత్తది.

అసలు ఏం మారిందో ఒక మిసాల్ చెప్తాను. మణికట్టు దగ్గర ఎముక విరిగితే పాత కోడ్‌లో ఏ చెయ్యో ఉండేది కాదు. కొత్తదాంట్లో కుడి చెయ్యి అయితే ఎస్52.501, ఎడమ అయితే ఎస్52.502. ఆ వెనక ఇంకో అక్షరం. ఇలాజ్ ఇప్పుడే మొదలైతే ఎ, మానుతున్నప్పుడు చూపించుకోవడానికి వస్తే డి. అపెండిక్స్ మొత్తాన్ని దుర్బీన్‌తో తీసేస్తే 0డీటీజే4జెడ్‌జెడ్. ఈ ఏడు గళ్ళలో ఒక్కోదానికి ఒక్కో మతలబ్ ఉంది. డీ అంటే జీర్ణకోశం, టీ అంటే ఒక అవయవాన్ని పూర్తిగా తీసేయడం, జే అంటే అపెండిక్స్, 4 అంటే చిన్న రంధ్రం గుండా దుర్బీన్ పెట్టి చేశారని. ముక్క మాత్రమే తీసి ఉంటే టీ బదులు బీ. డాక్టర్ తన నోట్‌లో ఏ మాట వాడినా, పూర్తిగా తీశాడా, ముక్క తీశాడా అన్నది చదివి పోల్చుకోవాల్సింది కోడరే.

ఇది రట్టాతో అయ్యే పనా? 2015లో ఇబ్బంది పడింది కోడ్ నంబర్లు కంఠస్థం చేసినవాళ్ళు. శరీరం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు కొత్త కితాబ్ తెరిచి మళ్ళీ పనిలో పడ్డారు. 70 వేల కోడ్లు హిఫ్జ్ చేసే హాఫిజ్ ఎవరూ లేరు, అవసరమూ లేదు.

ఇప్పుడు ఐసీడీ-11 మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకుంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. కానీ అమెరికా ఆస్పత్రుల బిల్లులు ఇంకా ఐసీడీ-10లోనే నడుస్తున్నాయి. పదో నంబర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఒప్పుకుంటే అమెరికా చేరడానికి పాతికేళ్ళు పట్టింది! కాబట్టి "కొత్త కోడ్లు వచ్చేస్తున్నాయి" అని భయపెట్టి రెండో ఫీజు గుంజేవాళ్ళని నమ్మొద్దు. నన్నడిగితే, కోడ్ల కన్నా కంప్యూటరే పెద్ద సవాల్. తేలికపాటి ఫైళ్ళను అది తానే చదివేస్తోంది. కష్టమైన ఫైల్ చదవగలిగినవాళ్ళకే జీతం మిగులుతుంది.

మధ్యలో ఒక ఖుష్‌ఖబరీ. 2024 జనవరిలో ఢిల్లీలో ఐసీడీ-11కి కొత్త భాగం చేర్చారు. అందులో ఆయుర్వేదం, సిద్ధతో పాటు మన యునానీ బీమారీల పేర్లకీ కోడ్లున్నాయి. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ దవాఖానా చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది సంతోషమే. అయితే ఇది లెక్క రాసుకోవడానికి ఇచ్చిన పేరు మాత్రమే. ఫలానా మాజూన్ పనిచేస్తుందని ఇచ్చిన సనద్ అనుకోకండి.

ఇంకో మాట ఖాలూజాన్‌కి చెప్పలేదు, పిల్లకి చెప్పాను. ఎక్కువ డబ్బు వచ్చే కోడ్ వేయమని పైవాడు ఇషారా చేసే రోజు రావచ్చు. నోట్‌లో లేని బీమారీని రాయడం ఝూటీ గవాహీ. అక్కడి కానూన్‌లోనూ జుర్మే. మరీజ్ ఎక్కడో సముద్రం అవతల ఉన్నాడు, వాడి ముఖం మనం చూడం. అయినా వాడి రికార్డ్ మన చేతిలో అమానత్.

ఇక నలభై వేల సంగతి. ఖాలూజాన్‌ని ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి ఒక్కటే అడగమన్నాను: అనాటమీ ఎన్ని వారాలు చెప్తారు? ఆదివారం అడిగి వచ్చారు. "నాలుగు రోజులట బేటా" అన్నారు. ఫీజు కట్టలేదు. పిల్ల ఇప్పుడు పక్కింటి నర్సింగ్ అమ్మాయి పాత పుస్తకాలు తెచ్చుకుని ఎముకల పేర్లు చదువుతోంది.