సొంత ఖర్చుతో అచ్చు వేయించిన పుస్తకం

గత మాసంలో మా పూర్వ విద్యార్థి ఒకడు తన కవితా సంపుటిని తీసుకుని మదరసాకు వచ్చాడు. పుస్తకం మా చేతికి ఇవ్వక ముందే, "ఉస్తాద్, ఇది సొంత డబ్బుతో వేసుకున్నదే" అని తల వంచుకున్నాడు. నిరుడు అతని తమ్ముడు సొంతంగా వడ్రంగి దుకాణం తెరిచినప్పుడు బంధువులందరూ వచ్చి దుఆ చేసి, మిఠాయి తిని వెళ్లారు. అన్న పుస్తకం తెస్తే మాత్రం, "వేసేవారెవరూ దొరకలేదా?" అని అడిగారట!

జరీ పనివాడు తానే కార్ఖానా పెట్టుకుంటే స్వయంకృషి అంటాము. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' చిత్రానికి డబ్బు చాలక భార్య నగలు తాకట్టు పెట్టిన సంగతిని లోకం మెచ్చుకోలుగానే చెప్పుకుంటుంది. రచయిత అదే పని చేస్తే కీర్తికాంక్ష అంటారు.

దీనికి కారణం లేకపోలేదు. మంచాన్ని కదిపి చూస్తే గట్టిదో కాదో తెలిసిపోతుంది. పుస్తకం సంగతి తెలియాలంటే నాలుగు సాయంత్రాలు వెచ్చించాలి. అంత తీరిక లేనివారు ముందుగా ప్రచురణకర్త పేరు చూస్తారు. మరొకరెవరో చదివి, బాగుందని నమ్మి, నష్టానికి సిద్ధపడ్డారన్న భరోసా అది. కాని తెలుగులో ఆ భరోసా ఎందరికి దక్కుతున్నది? మన కవితా సంపుటాలలో మొదటి పుటలు తిప్పి చూడండి. 'ప్రతులకు' అన్న మాట క్రింద తరచుగా కనిపించేది రచయిత ఇంటి చిరునామాయే. పేరున్న కవులకు సైతం ఇది తప్పలేదు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో లండన్ వెళ్లారు. విలియం మ్యూర్ వ్రాసిన దైవప్రవక్త (స) జీవిత చరిత్రకు సమాధానంగా ఆయన సిద్ధం చేసిన వ్యాసాలు 1870లో అక్కడే ఆంగ్లంలో వెలువడ్డాయి. అచ్చు ఖర్చు కోసం ఆయన అప్పు చేశారు. ఇంటి సామాను అమ్మియైనా డబ్బు పంపమని స్వదేశంలోని మిత్రునికి లేఖ వ్రాశారు. ఎవరి డబ్బుతో అచ్చయిందని ఆ గ్రంథాన్ని నేడు ఎవరూ తక్కువ చేయరు.

అయితే నింద అంతా అన్యాయమని మేము అనము. ప్రచురణ సంస్థలో ఒకరు కాకుంటే ఒకరు ప్రూఫులు దిద్దుతారు. అనవసరమైన పుట తీసివేయమంటారు. సొంతంగా వేసుకునేవారిలో చాలామంది కాగితానికి, ముఖచిత్రానికి, ఆవిష్కరణ సభలో శాలువలకు ఖర్చు చేస్తారు గాని దిద్దేవారికి రూపాయి ఇవ్వరు. ముందుమాటలు మాత్రం నాలుగు ఉంటాయి! (అడిగితే కాదనలేక మేమూ ఒకటి రెండు వ్రాశాము.)

మా శిష్యుని పుస్తకం ఆ రాత్రే చదివాము. తండ్రి మగ్గం గురించిన కవిత వద్ద చాలాసేపు ఆగిపోయాము. అచ్చుతప్పులు పదిహేడు. మరునాడు అతణ్ణి పిలిపించి, వద్దంటున్నా వినక పుస్తకం వెల చేతిలో పెట్టి, తప్పుల జాబితా కూడా ఇచ్చాము. ముందుగా జాబితానే జేబులో పెట్టుకున్నాడు.